డెబ్బది గజముల యిల్లు



అన్నదమ్ముల పంపకములలో మావారికి రాజమహేంద్రవరమున నొక పాతవీధిలో 70 చదరపు గజముల ఖాళీస్థలము వచ్చెను. ఇరుప్రక్కలను పాతయిండ్ల గోడలే హద్దులు. "దీని నమ్మి యూరి వెలుపల కొనుడు" అని కొందఱును, "ఒక్క గజమైన విడువక కప్పివేయుడు" అని కొందఱును హితవు చెప్పిరి. బడియు, బజారును, వైద్యశాలయు కాలినడకలో నుండగా వీధిని విడుచుటకు మాకు మనసొప్పలేదు. అంతయు గప్పుద మనిన, పొరుగింటి పిన్నిగారి గదికిటికీ మా స్థలమువైపే యున్నది. ఆమె పగలే దీపము పెట్టుకొనవలసివచ్చును.

ఇట్టి సందేహములో నుండగా జపానుదేశపు టిల్లొకదానినిగూర్చి చదివితిని. ఒసాకా నగరమున సుమియోషి యనుపేటలో మూడు పాత కొయ్యయిండ్లు వరుసగా నంటుకొనియుండెను. నడిమిదానిని తీసివేసి, ఆచోట తడావో ఆండో యను వాస్తుశిల్పి కాంక్రీటుతో రెండంతస్తుల యిల్లు కట్టెను. అది 1976లో పూర్తియైనది. స్థలము సుమారు 57 చదరపు మీటరులు, అనగా 68 గజములే. అంత యిఱుకుచోటను ఆయన నిడివిని మూడుపాళ్లు చేసి, నడిమిపాలును ఆకసమునకే విడిచెను. వీధివైపు ద్వారమే గాని కిటికీ లేదు. వెలుతురును గాలియు నా నడిమి ముంగిలినుండియే వచ్చును. 1979లో జపాను వాస్తుశిల్పసంస్థవారు దీనికి బహుమాన మొసగిరి.

ఇది మన మండువాలోగిలి కాదా యనిపించినది! కాని భేదము కలదు. మండువాలో చూరుక్రింద తడియక తిరుగవచ్చును. ఆ యింట ముందుగదినుండి వెనుకనున్న వంటగదికి పోవలెనన్న వానలో గొడుగు పట్టవలసినదే. వృద్ధురాలైన మా యత్తగారికి అది తగదు.

కావున మేము ఎనిమిదడుగుల చదరమును పిన్నిగారి కిటికీయెదుట విడిచి, దాని ప్రక్కగా కప్పుగల నడవను పెట్టించితిమి. అందువలన ఒక గది తగ్గినది. "గది పోయెనే!" యని మొదట నొచ్చుకొన్న యత్తగారే, నేడు ప్రొద్దుట నచ్చట కూర్చుండి కూరలు తరుగుచు, కిటికీలోని పిన్నిగారితో ముచ్చటింతురు.

చిన్నస్థలమున నిల్లు కట్టదలచిన సోదరీమణులకు నా మనవి యిది. పురపాలకసంఘమువారి నియమములను ముందుగా తెలిసికొనుడు. పటము గీయింపకమున్నే మిట్టమధ్యాహ్నము స్థలమున నిలిచి యెండ యెచ్చట పడునో చూడుడు. పొరుగువారి కిటికీ లెచ్చట నున్నవో యడుగుడు. విడిచిన నేల వ్యర్థము కాదు. ఇరుగుపొరుగుల రెండిండ్లకును అదియే వెలుతురు.