బిడ్డతో సైకిల్ యాత్రకు వచ్చినవాళ్లు పిల్లల దొంగలా?

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకారు ఎన్నిసార్లు అబద్ధమని తేలినా మళ్లీ మళ్లీ మన ఫోన్లలోకి వస్తూనే ఉంది. ఏదో మంచి పనికి విరాళాలు కూడగడుతూ తండ్రో తల్లో బిడ్డతో సైకిల్ మీద దూరయాత్రకు బయల్దేరితే, ఆ పుకారు దెబ్బ ముందు తగిలేది వాళ్లకే. మన భాష రాదు, బిడ్డ అలసి ఏడుస్తుంటుంది, సైకిల్ నిండా సంచులు, రాత్రికి బడి వరండాలో పడక. అనుమానించేవాడి కంటికి ఇవన్నీ రుజువులే. నిజానికి ఇవి దూరప్రయాణం చేసే ఎవరి దగ్గరైనా కనిపించేవే. 2009లో చార్లెస్ స్కాట్ అనే అమెరికన్ ఎనిమిదేళ్ల కొడుకుతో కలిసి జపాన్ ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా 67 రోజుల్లో దాదాపు 4,000 కిలోమీటర్లు తొక్కి, ఐక్యరాజ్యసమితి చెట్ల పెంపకం ఉద్యమానికి నిధులు సేకరించాడు. అలాంటి తండ్రీకొడుకులు చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు వైపు వస్తే మంచినీళ్లిస్తామా, చుట్టుముడతామా?

ఈ ప్రశ్న ఊరికే వేస్తున్నది కాదు. 2018 మే నెలలో ఇదే పుకారును నమ్మి యాదాద్రి, నిజామాబాద్ జిల్లాల్లోనూ, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురు బలయ్యారు. అదే నెల 13న బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ యువకుడొకరు ప్రాణం కోల్పోయాడు. చచ్చిపోయిన వీళ్లలో పిల్లల దొంగ ఒక్కడూ లేడు. అప్పట్లో దేశమంతా తిరిగిన కిడ్నాప్ వీడియో అసలు మన దేశానిదే కాదు. పిల్లల భద్రత గురించి చెప్పడానికి కరాచీలో తీసిన ప్రచార చిత్రం అది. దాని చివర ఉన్న సందేశాన్ని కత్తిరించి వదిలారు. ఆ వీడియో ఎక్కడిదని ఒక్కసారి అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

పిల్లలు నిజంగానే తప్పిపోతున్నారు కదా, జాగ్రత్తపడటం తప్పా అని అడుగుతారు. జాగ్రత్త తప్పు కాదు, చూపు తప్పు. బాలల అక్రమ రవాణా ఎక్కువగా జరిగేది పని ఇప్పిస్తామనో పెళ్లి చేస్తామనో నమ్మబలికే పరిచయస్తుల చేతుల మీదుగా. పట్టపగలు, ఊరందరూ చూస్తుండగా, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో, సైకిల్‌కు బ్యానర్ కట్టుకుని పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగ ఎక్కడుంటాడు? పైగా పిల్లలతో వచ్చే కొత్తవాళ్లు ఈ నేలకు కొత్త కాదు. ఏటా మిరపకోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెలకు వలస వస్తాయి. పరాయి మనిషి పక్కన బిడ్డ కనబడితే దొంగతనమే అనుకోవడం మొదలైతే, మన కల్లాల్లో కాయ ఆరబోసే కూలీ కూడా రేపు పుకారు నమ్మిన గుంపు చేతికి చిక్కుతాడు.

ఇలాంటి యాత్రల మీద వేరే అభ్యంతరాలూ వినిపిస్తాయి. ఆడపిల్ల అంత దూరం తొక్కలేదనే మాటకు జవాబు ఒక్కటే: 2020 లాక్‌డౌన్‌లో పదిహేనేళ్ల బీహార్ బాలిక గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది. బిడ్డకు ఎండదెబ్బ తగులుతుందన్న భయానికి మందు, వేసవిలో బయల్దేరకపోవడమే. ఇక సేవ పేరుతో యాత్రలన్నీ వసూళ్ల కోసమే అన్న మాట. ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. డబ్బాలో నగదు వేయించుకుని, లెక్క అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు ఉన్నారు. అయితే దానికి విరుగుడు దెబ్బలు కాదు, రసీదు. ఏ సంస్థకు సేకరిస్తున్నారో అడగండి, ఆ సంస్థ రిజిస్ట్రేషన్ చూడండి, డబ్బు నేరుగా దాని ఖాతాలోనే వేయండి. విరాళంపై పన్ను రాయితీ కావాలంటే 2,000 రూపాయలు దాటిన నగదు విరాళం ఎలాగూ పనికిరాదు.

యాత్రకు వెళ్లేవాళ్లకూ బాధ్యత ఉంది. బిడ్డ ఆధార్, బడి గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన ఉత్తరం దగ్గరుంచుకోవాలి. రాత్రి ఆగే ఊళ్లో ముందుగా పోలీస్ స్టేషన్‌లోనో గ్రామ సచివాలయంలోనో చెప్పాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. బిడ్డకు అసలు ప్రమాదం పుకార్లలోని ముఠాల నుంచి కాదు, లారీల నుంచే. కాబట్టి 16వ నంబరు జాతీయ రహదారిని వీలైనంత వదిలి లోపలి రోడ్లు పట్టాలి, చీకటి పడ్డాక తొక్కకూడదు.

ఊరివాళ్ల బాధ్యత ఇంతకన్నా తేలిక. 2018లోనే జోగులాంబ గద్వాల పోలీసులు ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి, పాటలు కట్టి చెప్పి ఆ పుకారును అడ్డుకున్నారు. మన సర్పంచులు, ఉపాధ్యాయులు ఆ పని చేయలేరా? అనుమానం వస్తే 112కి గానీ, పిల్లల సహాయానికి 1098కి గానీ ఫోన్ చేయండి. పోలీసులు వచ్చేదాకా బిడ్డకు నీళ్లిచ్చి నీడన కూర్చోబెట్టండి. భాష, పుట్టిన ప్రాంతం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి మనిషిని చంపితే భారతీయ న్యాయ సంహిత 103(2) ప్రకారం మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడుతుంది. ఎక్కడిదో తెలియని వీడియోను మాత్రం ఇంకొకరికి పంపకండి.