మందు ముట్టని కడుపులో సారాబట్టీ

చైనాలో ఓ యువకుడు. మద్యం చుక్క ముట్టడు. అయినా తీపి, పిండిపదార్థాలు దండిగా తిన్నాడంటే చాలు, మత్తెక్కేది. ఇంట్లోవాళ్లను నమ్మించడానికి ఎన్ని ఒట్లు పెట్టాడో! లివర్‌కు కొవ్వు పట్టడమే కాదు, వాపు కూడా వచ్చింది. ఇలాంటి కేసుల్లో మామూలుగా దొరికే దొంగ ఈస్ట్. దానికి మందులిస్తే పనిచేయలేదు. చివరికి పేగుల్లో పట్టుబడింది క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. తిన్న చక్కెరతో లోపలే సారా కాస్తోంది! తాగని మరికొందరు ఫ్యాటీ లివర్ రోగులను పరీక్షిస్తే, దాదాపు 60 శాతం మందిలో ఆల్కహాలు ఎక్కువగా చేసే ఈ రకమే కనిపించింది. ఎలుకలకు పట్టిస్తే వాటి లివర్లకూ కొవ్వెక్కింది. 2019 నాటి పరిశోధన ఇది.

ఆ మాటకొస్తే మనందరి పేగుల్లోనూ రవ్వంత ఆల్కహాలు తయారవుతూనే ఉంటుంది. గుట్టుచప్పుడు కాకుండా దాన్ని విరిచేసేది లివరే. దానికి చేరే రక్తంలో 70 నుంచి 75 శాతం పేగుల వైపు నుంచే వస్తుంది మరి. అక్కడ ఏం జరిగినా మొదటి దెబ్బ దానికే.

ఒకే కొవ్వు మేత తిన్న రెండు ఎలుకల్లో ఒకదానికి ఫ్యాటీ లివర్ వచ్చింది, రెండోదానికి రాలేదు. వాటి పేగుల్లోని సూక్ష్మజీవులను, ఏ క్రిమీ లేకుండా పెంచిన వేరే ఎలుకల్లోకి ఎక్కించారు. జబ్బు ఎలుకవి అందుకున్నవాటికే లివర్‌లో కొవ్వు చేరింది. 2013లో ఫ్రాన్స్‌లో తేలిన సంగతి.

లివర్ తనలోని కొవ్వును బయటికి పంపాలంటే కోలీన్ కావాలి. గుడ్డు పచ్చసొనలో అది పుష్కలం. కొన్ని బ్యాక్టీరియాలకూ అదే ఇష్టం: లివర్‌కు దక్కకుండా తినేసి, కుళ్లు చేపల కంపు కొట్టే ట్రైమిథైలమీన్‌గా మార్చేస్తాయి. పచ్చసొన పారేసి తెల్లసొనతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ కబురు రుచించకపోవచ్చు.

విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ తెలుసుగా? ఒకప్పుడు లావు తగ్గడానికి పేగును దారి మళ్లించే ఆపరేషన్లు చేసేవారు. ఆ తర్వాత కొందరి లివర్లకు కొవ్వు పట్టేది. బ్యాక్టీరియాను చంపే ఈ మాత్ర ఇస్తే తగ్గిందని 1982లోనే అమెరికన్ వైద్యులు రాశారు. అలాగని షాపుకు పరుగెత్తకండి, అది మేలుచేసే బ్యాక్టీరియానూ వదలదు.

2023లో చైనాలోనే 200 మంది ఫ్యాటీ లివర్ రోగులపై మరో ప్రయోగం. కొందరికి నాలుగు నెలలపాటు రోజుకు 40 గ్రాముల చొప్పున, చిన్నపేగులో అరగని పిండి ఇచ్చారు. పెద్దపేగులో బ్యాక్టీరియాకు అదే భోజనం. లివర్‌లో కొవ్వు తగ్గింది. ఆ పిండి చల్లారిన అన్నంలోనూ కొద్దిగా ఉంటుంది. చద్దన్నం అభిమానులు సంబరపడేలోపే చెప్పాలి: 40 గ్రాములు రావాలంటే కిలోల లెక్కన తినాలి!