పడమట నల్లమల ఉన్నప్పుడు

పొద్దుగూకే వేళ ఫొటో బాగా వస్తుందని అందరూ చెప్పే మాటే. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు వచ్చేసరికి ఆ మాటను కాస్త సరిచూసుకోవాలి. ఇక్కడ నల్లమల పడమట గోడ కట్టినట్టు ఉంటుంది. సాయంత్రం సూర్యుడు దాని వెనక్కి పోతాడు కాబట్టి మనకు కనిపించే కొండముఖమంతా నీడే. ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా చెట్టూ లోయా కలిసిపోయి ముద్దగా పడతాయి.

ఆ ముఖం మీద ఎండ పడేది పొద్దున. అయితే సూర్యుడు సరిగ్గా మన వీపు వెనక ఉంటే నీడలన్నీ వస్తువుల వెనకే దాక్కుని కొండ చదునుగా కనిపిస్తుంది. నీరెండ పక్క నుంచి తగలాలి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. నైరుతి వైపు తిరిగి నిలబడితే వెలుగు ఎడమ పక్క నుంచి వచ్చి కొండ మడత మడతకూ నీడ వేస్తుంది. ఫొటోకి లోతు వచ్చేది ఆ నీడలతోనే. ఏప్రిల్, మే నెలల్లో మసక ఎక్కువ, దూరపు కొండల జోలికి పోకపోవడమే మేలు.

సాయంత్రం ఎండ తొందరగా పోతుందని కూడా గుర్తుంచుకోవాలి. చేయి చాచి మూడు వేళ్లు అడ్డంగా పెడితే సుమారు 5 డిగ్రీలు. కొండ అంచు అంత ఎత్తులో ఉంటే, గంటకు 15 డిగ్రీలు జరిగే సూర్యుడు పంచాంగంలోని అస్తమయానికి 20 నిమిషాల ముందే దాని చాటుకు వెళ్లిపోతాడు. కానీ అక్కడితో కెమెరా సర్దేయకండి. కంభం చెరువు అసలు అందం చూపేది అప్పుడే. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన ఈ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. నీటి అంచున గొంతుక్కూర్చుని, ఫోన్ తెర మీద ఆకాశాన్ని తాకి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. కొండలు నల్లటి గీతగా మారతాయి. దగ్గర్లో తాడిచెట్టు ఉంటే దాని తల ఆ గీతకు అంటుకోకుండా విడిగా ఆకాశంలో నిలిచేలా రెండడుగులు పక్కకు జరగండి. ఫ్రేమును మూడు భాగాలు చేయాలన్న సూత్రం కంటే ఈ రెండడుగులే ఎక్కువ పనిచేస్తాయని నా అభిప్రాయం.

మార్కాపురం పలకల గనుల దగ్గర చిక్కు వేరు. కెమెరా ఏది చూసినా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్లరాయి పెడితే దాన్ని తెల్లబోయేలా చేస్తుంది. అక్కడా ఎక్స్‌పోజర్ కాస్త దించాలి. రాయి పొరలుగా చీలుతుంది కాబట్టి ఏటవాలు ఎండలో పొర అంచులు ఒక్కొక్కటీ మెరుస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే కుప్ప ఉత్త రాళ్లగుట్ట. ఆ వేళప్పుడు భైరవకోన మేలు. అక్కడి గుహాలయాలు చాలావరకు తూర్పు ముఖంగా ఉంటాయి కనుక మధ్యాహ్నం దాటాక నీడలోకి వస్తాయి, చెక్కడాల మీద వెలుగు సమంగా పరుచుకుంటుంది. పైనున్న తెల్లటి ఆకాశాన్ని మాత్రం ఫ్రేములోకి రానీయకండి.