శస్త్రచికిత్స అయినా మగ కుక్క జత కోసం తిరుగుతుందెందుకు? మెదడులో హార్మోన్ల పాత్ర ఇదీ

వీధి కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలని జంతు జనన నియంత్రణ నిబంధనలు-2023 నిర్దేశిస్తున్నాయి. అలా వదిలిన మగ కుక్క మరికొంత కాలం ఆడ కుక్కల వెంట తిరిగితే, ఆపరేషన్ విఫలమైందన్న అనుమానం స్థానికులకు కలగవచ్చు. దీనికి సమాధానం జంతువు మెదడులో ఉంది.

రక్తం మోసే సందేశం

జర్మనీలోని గోటింగెన్‌లో 1849లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఎదుగుతున్న కోడిపుంజులపై ప్రయోగం చేశారు. వృషణాలు తొలగించిన పుంజులు పెద్దయ్యాక పెట్టలపై ఆసక్తి చూపలేదు. వృషణాన్ని పొట్టలో వేరే చోట అమర్చిన పుంజులు మాత్రం మామూలుగానే కూశాయి, జతకట్టాయి. పాత నాడుల బంధం తెగినా ప్రవర్తన నిలిచింది కాబట్టి, ఆ ప్రభావాన్ని మోసుకెళ్లేది రక్తమేనని ఆయన నిర్ధారించారు.

మెదడులో జరిగేదేమిటి?

ఆ ప్రభావం లైంగిక హార్మోన్లదని తర్వాత తేలింది. ఇవి రక్తం నుంచి మెదడులోకి సులువుగా ప్రవేశిస్తాయి. నాడీకణాల్లోని గ్రాహకాలతో కలిసి జన్యువుల పనితీరును మారుస్తాయి. ఇందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

మగ జంతువుల్లో టెస్టోస్టిరాన్ ప్రధానంగా హైపోథాలమస్ ముందుభాగంపై పనిచేస్తుంది. అక్కడ ఆరోమటేజ్ అనే ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. అంటే ‘స్త్రీ హార్మోన్’గా పేరుపడినదే మగ మెదడులోనూ పనిచేస్తుందన్నమాట.

ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకోసారి ఎద వస్తుంది. ముందుగా ఈస్ట్రడయోల్ పెరిగి, హైపోథాలమస్‌లో ప్రొజెస్టిరాన్ గ్రాహకాలను పెంచుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ తోడవుతుంది. అప్పుడే ఆడ ఎలుక మగ ఎలుకను దగ్గరకు రానిస్తుంది. మిగతా రోజుల్లో తరిమేస్తుంది. హార్మోన్ నేరుగా ఆజ్ఞ ఇవ్వదు. ఎదుటి జంతువు వాసనకు, స్పర్శకు స్పందించేలా మెదడును సిద్ధం చేస్తుంది.

పుట్టకముందే పునాది

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1959లో మరో కీలక విషయం వెల్లడించారు. గర్భంతో ఉన్న గినీ పిగ్‌లకు టెస్టోస్టిరాన్ ఇవ్వగా, వాటికి పుట్టిన ఆడ పిల్లలు పెద్దయ్యాక ఆడ హార్మోన్లు ఇచ్చినా మగవాటికి అంతగా స్పందించలేదు. పుట్టకముందు హార్మోన్ మెదడు నిర్మాణాన్ని తీర్చిదిద్దుతుందని, యుక్తవయసులో దాన్ని క్రియాశీలం చేస్తుందని ఈ పరిశోధన సూచించింది.

వీధి కుక్కల విషయంలో

శస్త్రచికిత్స హార్మోన్ మూలాన్నే తొలగిస్తుంది. మెదడులో అప్పటికే ఏర్పడిన నాడీ వలయాలు, జతకట్టిన అనుభవం మాత్రం మిగిలే ఉంటాయి. అందుకే రక్తంలో టెస్టోస్టిరాన్ త్వరగా పడిపోయినా, ప్రవర్తన కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలపాటు సాగి క్రమంగా తగ్గుతుంది. అండాశయాలు తొలగించిన ఆడ కుక్కకు ఎద ఆగిపోతుంది. దాని చుట్టూ మగ కుక్కలు గుమిగూడటమూ తగ్గుతుంది.

అయితే కుక్క కాటుకు కారణాలన్నీ హార్మోన్లే కావు. భయంతోనో, తిండిని కాపాడుకోవడానికో కరిచే కుక్కను శస్త్రచికిత్స ఒక్కటే మార్చలేదు. రేబీస్ టీకా, వీధుల్లో చెత్త తొలగింపు దానికి తోడుగా సాగాల్సిందే.