మెట్ల కింద ఏముంది?

ఎస్కలేటర్ మెట్లు ఒకదాని వెంట ఒకటి పైకి పోతూనే ఉంటాయి గదా! మరి పైకి చేరిన మెట్లన్నీ ఏమవుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా?

అవి మన కాళ్ల కిందుగానే తిరిగి వస్తున్నాయి! మెట్లన్నింటినీ రెండు పొడవైన చైన్లకు బిగిస్తారు. సాధారణంగా పై అంతస్తు నేల కింద ఉండే ఎలక్ట్రిక్ మోటారు, పళ్లచక్రాల సాయంతో ఈ చైన్లను తిప్పుతుంది. పైకి చేరిన మెట్టు పళ్లచక్రాన్ని చుట్టి, తలకిందులై కిందికి దిగుతుంది. మనం పట్టుకొనే రబ్బరు పట్టీని నడిపేదీ ఆ మోటారే.

ఏటవాలుగా పోతున్నా మెట్టు ఒరిగిపోదేం? ప్రతి మెట్టుకూ రెండు జతల చక్రాలుంటాయి. ఒక్కో జత వేరే పట్టాల మీద దొర్లుతుంది. దారి వంపును బట్టి ఈ పట్టాల మధ్య ఎడం మారుతుంది. అందుచేత మెట్టు ఎప్పుడూ సమతలంగానే ఉంటుంది. చివర్లలో మెట్లన్నీ ఒకే ఎత్తుకు వచ్చి నేలలా చదునవుతాయి.

అక్కడే జాగ్రత్త అవసరం! మెట్టు నేల కిందికి దూరే చోట దువ్వెనలాంటి పలక ఉంటుంది. దాని పళ్లు మెట్టు మీది గాడుల్లో ఇమిడి, చెత్తను పైకి నెట్టివేస్తాయి.

అయినా కొంత చెత్త కిందికి జారుతుంది. 1987 నవంబరు 18న లండన్‌లోని కింగ్స్ క్రాస్ భూగర్భ రైలు స్టేషనులో, కొయ్య ఎస్కలేటర్ కింద పేరుకున్న గ్రీజు, చెత్త అంటుకొని 31 మంది మరణించారు. వెలిగించి పడేసిన అగ్గిపుల్లే అందుకు కారణమని విచారణలో భావించారు.

ఎస్కలేటర్ ఎక్కినప్పుడు పట్టీ పట్టుకోండి. వేలాడే చెంగు, చెప్పుల కొస అంచులకు తగలనివ్వకండి. చిత్తుకాగితమైనా సరే, మెట్ల మీద పడేయకండి!