ట్రాక్టరు ఆయిలు ఛాంబరు మార్చునప్పుడు గమనింపవలసిన సంగతులు

ట్రాక్టరు కొనుట ఒక ఎత్తు. దానిని చెడకుండ నిలుపుకొనుట మరియొక ఎత్తు. ఇంజను అడుగున ఆయిలు నిలువయుండు తొట్టిని మెకానిక్కులు ఛాంబరు అందురు. రాళ్లపొలములో రాయి తగిలియో, గట్టు దాటునప్పుడు మొద్దు తగిలియో అది పగులుట కద్దు. అంతకన్న తరచుగా చెడునది దాని అడుగుననుండు డ్రైన్ ప్లగ్గు మర. ఆయిలు మార్చిన ప్రతిసారియు బలముకొద్ది బిగించుటచే మర అరిగి, ఆయిలు చుక్కలుగా కారును.

ఈ చుక్కలను ఉపేక్షింపరాదు. దమ్ము చేయు రోజులలో చుట్టును బురదనీరే గనుక కారిన ఆయిలు కంటబడదు. ఆయిలు అందని ఇంజను కొద్ది నిమిషములలోనే బేరింగులు కాలి పట్టివేయును. నాట్ల అదనులో ట్రాక్టరు నిలిచిపోయినచో కలుగు నష్టము ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు.

మార్చవలెనా, బాగుచేయవలెనా?

మర మాత్రమే పోయినచో క్రొత్త ఛాంబరు కొననక్కరలేదు. నేర్పుగల లేతు పనివాడు కొంచెము పెద్ద మర కోసి, దానికి తగిన ప్లగ్గు అమర్చగలడు. అయితే ఛాంబరును విప్పి బయట పెట్టియే ఈ పని చేయించవలెను. లేనిచో ఇనుప రజను లోపల పడి ఇంజనుకు చేటు తెచ్చును. ఛాంబరు పగిలినను, ప్యాకింగు కూర్చుండు అంచు వంగిపోయినను మార్చుటయే మేలు.

ఎట్టిది కొనవలెను?

కంపెనీ ఛాంబరు కాక బజారులో దొరకు వేరు తయారీ కొనునప్పుడు ఈ క్రింది సంగతులు చూచుకొనుడు.

1. కొన్ని ట్రాక్టర్లలో ఛాంబరు పోత ఇనుముతో చేసినదై, ట్రాక్టరు ముందుభాగపు భారమును గూడ మోయును. అట్టిదాని స్థానమున రేకు ఛాంబరు ఎంతమాత్రము పనికిరాదు. దానిని విప్పుటకు ముందు ట్రాక్టరుకు గట్టి ఆధారములు పెట్టవలెను. ఈ పని మెకానిక్కుచేతనే చేయించుడు.

2. లోతు పాతదానితో సమముగా నుండవలెను. లోతు తక్కువైనచో ఆయిలు పీల్చు జల్లెడ అడుగుకు తగులును. ఎక్కువైనచో జల్లెడకు అడుగు ఆయిలు అందదు. ఛాంబరు క్రిందికి దిగి గట్లకు తగులును.

3. డ్రైన్ రంధ్రము అన్నిటికన్న పల్లమున ఉండవలెను. కొన్నిటిలో ప్లగ్గు పట్టు దిమ్మ లోపలికి పొడుచుకొని యుండును. అప్పుడు అడుగున మడ్డి మిగిలిపోవును.

4. పలుచని రేకులోనే మర కోసినది కొనవద్దు. మందమైన దిమ్మ అతికి, అందులో మర కోసి యుండవలెను. ప్లగ్గు చేతితోనే కొన్ని చుట్లు సులభముగా తిరుగవలెను. మెట్రిక్ మరలు, అంగుళపు మరలు రెండును వాడుకలో నున్నవి. ఒకదానిలో ఒకటి బలవంతముగా ఎక్కించినచో రెండును పాడగును.

5. అతుకులకు వెలుపల సుద్దముక్క రుద్ది, లోపల కొంచెము కిరోసిన్ పోసి కొంతసేపు ఉంచుడు. సుద్ద తడిసి మచ్చ కట్టినచో అతుకులో సందున్నదని గ్రహింపవచ్చును.

అయస్కాంతపు ప్లగ్గు

అయస్కాంతము గల ప్లగ్గు దొరకినచో మంచిదే. అది ఇనుప రజనును పట్టి ఉంచును. ఆయిలు మార్చునప్పుడు దానిపై బూడిదరంగు మెత్తని ముద్ద కొద్దిగా కనుపించుట సహజము. పెళుసులు, ముక్కలు కనుపించినచో వెంటనే మెకానిక్కుకు చూపుడు. కంచు, అల్యూమినియము వంటివి అయస్కాంతమునకు అంటవు. కావున ప్లగ్గు శుభ్రముగా నున్నంతమాత్రమున అంతయు బాగున్నదని తలపరాదు.

బిగించు పద్ధతి

ప్యాకింగు క్రొత్తది వేయవలెను. జిగురు అతిగా పూసినచో అది లోపలికి ఊడి జల్లెడకు అడ్డుపడును. బోల్టులను ఒకవైపు నుండి కాక ఎదురెదురుగా కొంచెము కొంచెముగ బిగింపుడు. ప్లగ్గుకు క్రొత్త రాగి వాషరు వేయుడు. పానాకు గొట్టము తొడిగి బిగించు అలవాటే మరలకు శత్రువు.

ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో చెప్పిన రకము ఆయిలునే, చెప్పినన్ని లీటర్లు పోయుడు. ఇంజను కొన్ని నిమిషములు నడిపి ఆపి, ఆయిలు క్రిందికి దిగిన పిమ్మట డిప్‌స్టిక్కుతో చూడుడు. ఆ రాత్రి ట్రాక్టరు క్రింద ఒక అట్టముక్క పరచి యుంచుడు. తెల్లవారి అట్టపై మరక లేనిచో ధైర్యముగా పొలములోనికి దింపవచ్చును. తీసిన పాత ఆయిలును కాలువలలోగాని, బావి దాపునగాని పారబోయకుడు. ఆ నీరు మనమే వాడుకొనవలసి యున్నది.