కాల్ మనీ వేధింపులు: బాధితులకు మనం ఎలా అండగా ఉండగలం?



ఈసారి బి.పి., షుగర్ వంటి జబ్బుల గురించి కాక, నేరం గురించి రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో నేరం మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. దెబ్బలు తిన్నవారు, రాత్రులు నిద్రపట్టనివారు, బ్రతుకు మీద ఆశ వదులుకున్నవారు చివరికి వచ్చేది ఆసుపత్రికే. వారిలో కొందరి బాధకు మూలం శరీరంలో ఉండదు, ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అరిచే మనిషి దగ్గర ఉంటుంది. ఆ సంగతి తెలుసుకోకుండా మందులు రాసి పంపితే సగం వైద్యమే చేసినట్టు.

కాల్ మనీ అంటే ఏమిటి?

ఫోన్ చేస్తే డబ్బు చేతికి వస్తుంది, వాళ్లు ఫోన్ చేసి అడిగిన వెంటనే తిరిగి కట్టాలి. అందుకే దానికి ఆ పేరు. 2015 డిసెంబరులో ఈ వ్యాపారం వల్ల విజయవాడ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఒక మహిళ ధైర్యం చేసి ఫిర్యాదు ఇవ్వగా పోలీసులు వడ్డీ వ్యాపారులపై దాడులు చేశారు. ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు, ఆస్తి కాగితాలు బయటపడ్డాయి. బాకీ తీర్చలేని స్త్రీలను లైంగికంగా వేధించారన్న ఆరోపణలు వచ్చాయి. కొందరు అరెస్టయ్యారు. శాసనసభ కూడా ఈ విషయం మీద అట్టుడికింది. అంతకు ముందు ఎందరో నోరు మెదపలేదు. ఒక్కరు మాట్లాడాక మిగిలినవారికీ ధైర్యం వచ్చింది.

వడ్డీ లెక్క ఒకసారి చూడండి. పదివేల అప్పు అని చెప్పి, ముందే 1,500 పట్టుకుని 8,500 చేతిలో పెడతారనుకోండి. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి చిన్న మొత్తమే. కాని కడుతున్న కొద్దీ మన దగ్గర మిగిలే అసలు తగ్గిపోతుంది కదా! ఆ ప్రకారం లెక్క కడితే ఏడాదికి నూటికి 120 రూపాయలు దాటిన వడ్డీ అవుతుంది. టిఫిన్ బండి నడిపేవారు, ఆటో తోలేవారు, కూలి చేసుకునేవారు ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు చేయడం ఇక్కడే మొదలవుతుంది.

అప్పు ఎప్పుడు నేరం అవుతుంది?

అప్పు చేయడం నేరం కాదు. ఇచ్చిన డబ్బు మర్యాదగా అడగడమూ నేరం కాదు. కాని చంపుతామని బెదిరించడం, కొట్టడం, ఇంట్లో నిర్బంధించడం, బండి బలవంతంగా లాక్కుపోవడం, స్త్రీలను అసభ్యంగా మాట్లాడడం నేరాలు. సెల్‌ఫోన్ లోన్ యాప్‌ల వాళ్లు ఫోటోలు మార్చి బంధువులకు పంపడం కూడా నేరమే. బాకీ ఉన్నంత మాత్రాన మనిషికి చట్టం ఇచ్చే రక్షణ పోదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి.

శరీరం చెప్పే గుర్తులు

వేధింపులకు గురవుతున్నవారు ఆ మాట నేరుగా చెప్పరు. తలనొప్పి, కడుపులో మంట, గుండె దడ, ఆకలి లేకపోవడం అంటారు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు. బి.పి. మాత్రలు కొనడం మానేస్తారు. ఆదివారం ఆరాధనకు రావడం తగ్గిస్తారు. ఇటువంటి కష్టం తర్వాత కొద్ది రోజులు భయం, నిద్రలేమి ఉండడం సహజమే. నెల దాటినా తగ్గకపోతే తప్పక డాక్టరుకు చూపించాలి.

ఎవరైనా "నేను లేకపోతేనే మీకు మేలు" అన్నట్టు మాట్లాడితే తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకండి. పొలానికి తెచ్చిన పురుగుమందులు ఇంట్లో ఉంటే వెంటనే తీసివేయండి, లేదా తాళం వేసి ఉంచండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇది ఉచితం.

ఒకవేళ జరగరానిది జరిగితే, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. తడిసిన బట్టలు తీసి ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకురండి. పోలీసు కేసు అవుతుందని కొందరు విషయం దాచి ఆలస్యం చేస్తారు. ఆ భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలే కాని శిక్షించకూడదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు.

ఆసుపత్రికి వచ్చినప్పుడు

దెబ్బలతో వచ్చినవారికి ముందు చికిత్స, తర్వాతే కాగితాలు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. అత్యాచారానికి, యాసిడ్ దాడికి గురైనవారికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టమే చెబుతోంది. దెబ్బలు ఎలా తగిలాయో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మెట్ల మీద జారిపడ్డామని చెబితే రికార్డులో అదే ఉంటుంది. రేపు కోర్టులో ఆ కాగితమే మీకు ఆధారం.

ఫిర్యాదు ఎలా చేయాలి?

అత్యవసరంలో 112కు, మహిళలు 181కు ఫోన్ చేయవచ్చు. పిల్లల విషయమైతే 1098, లోన్ యాప్ మోసమైతే 1930. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీకు దగ్గరలోని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే విజయవాడలో పోలీసు కమిషనరుకు, జిల్లాలో ఎస్.పి.కి పోస్టులో రాసి పంపండి. ఆపైన మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

లాయరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మచిలీపట్నంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. నేరం వల్ల నష్టపోయి పునరావాసం కావలసినవారు నష్టపరిహారానికి అడగవలసినదీ అక్కడే.

సంఘముగా మనం చేయగలిగినవి

నెహెమ్యా కాలంలో ప్రజలు ధాన్యం కోసం పొలాలు, ఇండ్లు తాకట్టు పెట్టి పిల్లలను సైతం పోగొట్టుకున్నారు. నెహెమ్యా వారిని తప్పుపట్టలేదు, వడ్డీ పుచ్చుకున్న పెద్దలను సభలో నిలదీశాడు. మనమూ ఆ వరుసనే పట్టుకోవాలి.

• "అంత అప్పు ఎందుకు చేశావమ్మా?" అని మొదట అడగకండి. "భోజనం చేశావా? ఇంట్లో భయం లేకుండా ఉన్నారా?" అని అడగండి.
• చెప్పిన సంగతి ప్రార్థన కూటంలో కూడా బయటపెట్టకండి.
• స్టేషన్‌కు ఒంటరిగా పంపకండి. ఇద్దరు తోడు వెళ్లండి.
• కట్టిన ప్రతి రూపాయి తేదీతో పుస్తకంలో రాయించండి. బెదిరింపు మెసేజీలు చెరిపివేయకండి.
• ఖాళీ చెక్కు, ఖాళీ నోటు మీద ఎవరూ సంతకం పెట్టవద్దని యౌవనుల కూటంలో, స్త్రీల సమాజంలో చెప్పండి.
• అవసరానికి ముందుగా డ్వాక్రా సంఘాన్ని, బ్యాంకును అడగండి.

ఇక మా వైపు నుండి ఒక మనవి. చాలా కుటుంబాలు మొదటి అప్పు చేసేది ఆసుపత్రి బిల్లు కోసమే. వడ్డీకి తెచ్చే ముందు మీరు చేరిన ఆసుపత్రి కౌంటరులో అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ చికిత్స వస్తుందేమో, వాయిదాలలో కట్టే వీలుందేమో తెలుసుకోండి. అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఈ పత్రిక చదివాక పక్కింటివారికి ఇవ్వండి. ఈ నంబర్లు ఎవరికి అవసరమో మనకు తెలియదు కదా.